ఐసు పెట్టె లాల్

మూడో ఐసు ముక్కను పాత తువ్వాలులో చుట్టి పెట్టెలో ఓ పక్కగా కుక్కాడు లాల్. అవనిగడ్డ ఆసుపత్రి వరండాలో గొంతుక్కూర్చుని పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న పనే ఇది. మెడేమో ఎండకు మాడిపోయింది, వేళ్లేమో ఐసుకు నాని తెల్లగా ముడతలు పడ్డాయి. దివిసీమలో తీసిన రక్తం, మూత్రం బందరు చేర్చి హైదరాబాదు బస్సెక్కించడం అతని ఉద్యోగం. ఎవరి రోగం ఏమిటో అతనికి ఎవరూ చెప్పరు. అతను అడిగిందీ లేదు.

ఇవాళ్టి సీసాలో వేలెడు మూత్రం కూడా లేదు. అది హంసలదీవి నుంచి వచ్చిన లిఖిత బిడ్డది. పుట్టి నాలుగు రోజులు. పాలు మానేశాడు, కళ్లు తెరవడం లేదు. వాడికి ముందు ఇద్దరూ ఇలాగే వారం తిరక్కుండా పోయారు. తిన్నది అరిగే దారిలో ఏ పదార్థం ఒంట్లో పేరుకుపోతోందో ఈ మూత్రంలో తేలుతుందనీ, తేలితే వైద్యం ఉండొచ్చనీ డాక్టర్ సరళగారు అన్నారు. బస్సు ఆరింటికి. అది తప్పితే మళ్లీ రేపే.

నాలుగున్నర దాటింది. సీసాతో పాటు పంపే చీటీలో నింపాల్సిన గడి ఒక్కటి మిగిలింది. ఇంట్లో బిడ్డకు ఏమైనా పట్టారా?

"ఏం పట్టలేదు బాబూ" అంది నానమ్మ భాగ్యమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆ కొంగు దగ్గరే ఆముదం వాసన గుప్పుమంది. ఓ పక్క టైము తరుముకొస్తోంది. అయినా లాల్ కదల్లేదు.

"ఆముదం పట్టావా అక్కా?"

ఆమె లోపలున్న కోడలి వైపు చూసి గొంతు తగ్గించింది. "ముగ్గురికీ పట్టాను. కడుపు శుభ్రపడుద్దని మా అత్త నేర్పింది. నేనే చంపుకున్నానేమో బాబూ! తెలిస్తే అది నా మొహం చూడదు."

ఇలాగే పట్టింది దాచి పంపిన ఒక నమూనాతో హైదరాబాదు ల్యాబువాళ్లు తలలు పట్టుకున్న సంగతి లాల్‌కి తెలుసు.

"ఆ నాలుగు చుక్కలకి పిల్లలు పోరక్కా. మనమంతా తాగి పెరిగినోళ్లమే. కానీ నువ్వు దాస్తే మిషన్లో అదే అడ్డం పడుద్ది. అసలు జబ్బొదిలేసి దాని వెంట పడతారు."

"రాత్రొకసారి, పొద్దునొకసారి" అంది ఆమె, నేల చూపులు చూస్తూ. లాల్ రాసుకున్నాడు. డాక్టరుగారి చేత సంతకం పెట్టించి బండి తీశాడు.

చల్లపల్లి దాటాక ఫోను మోగింది. భాగ్యమ్మ. ఆసుపత్రిలో నంబరు అడిగి ఎవరిచేతో చేయించినట్టుంది.

"పిల్లాడు పోయాడు బాబూ. ఇంకెందుకు, వెనక్కొచ్చెయ్."

లాల్ బండి పక్కకు ఆపాడు. ముక్కూ మొహం ఎరగని బిడ్డ కోసం కళ్లనీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు.

"తీసుకెళ్తానక్కా. రేపు లిఖితకి మళ్లీ కడుపొస్తే, ఆ బిడ్డకన్నా ముందే ఈ జబ్బేంటో తెలియాలి గదా."

అవతల భాగ్యమ్మ ముక్కు చీదింది.

"ఆముదం సంగతి దానికి చెప్పేశాను బాబూ. అయినా నా చెయ్యి వదల్లేదు. తీసుకెళ్లు."

అక్కణ్ణుంచి లాల్ ఎక్కడా బ్రేకు తొక్కలేదు. బందరు స్టాండులో బస్సు అప్పటికే కదులుతోంది. తలుపు మీద దబదబా బాది ఆపించి, సీసానూ చీటీనూ ఐసుతో సహా పార్సిల్ డబ్బాలోకి మార్చి కండక్టరు చేతికిచ్చాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు.

తరవాత ఖాళీ పెట్టె దులపబోతే, బిడ్డ ఒంటి మీంచి నర్సు హడావుడిగా ఊడదీస్తే సీసాకి అతుక్కొచ్చిన టేపు ముక్కకు అంటుకుని, అతని బొటనవేలికైనా ఎక్కనంత చిన్న నల్లపూసల దిష్టి కడియం ఒకటి బయటపడింది.