ఎండిన చెట్టుకు ఆకులు

నా బొమ్మకు వంక పెడితే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతుకుతున్నదాన్ని, ఇంతవరకూ ఒక్క పబ్లిషరూ నా బొమ్మ వెనక్కి పంపలేదు. అలాంటిది, ఎవరో ముక్కూ మొహం తెలియనాయన రాసిన మెయిలు పట్టుకుని అక్క పొద్దున్నే మా ఇంటికి ఊడిపడింది.

అక్క అడవుల మీద పరిశోధన చేస్తుంది. తను తీసిన ఫొటోలు చూసి తన వ్యాసానికి నేను రెండు బొమ్మలు వేసిచ్చాను. ఒకటి పలుచటి అడవి, ఇంకోటి చెదురు అడవి. పలుచటి అడవిలో కొమ్మల మధ్య ఆకాశం కనబడుతుంది గానీ, ఒక చెట్టు నీడ పక్క చెట్టు నీడను అందుకుంటుంది. చెదురు అడవిలో ఏ చెట్టు నీడ దానిదే. పరిశోధన పత్రికవాళ్ల తరఫున వ్యాసాన్ని పరీక్షించిన ఆయనకు మాత్రం నా బొమ్మల్లో ఆ తేడా కనబడలేదట. “కొలతలు కూడా ఇలాగే తీశారా?” అని అడిగాడట. ఇవాళ సాయంత్రంలోగా సరైన బొమ్మ పంపకపోతే వ్యాసాన్ని పక్కన పడేస్తారు.

“ముందు ఆయన్ని కళ్లజోడు మార్చుకోమను,” అన్నాను.

“కాసేపు నోరు మూసుకుంటావా? ఇన్నేళ్ల నా కష్టమంతా ఇందులో ఉంది. నేను దొంగ లెక్కలు రాశానంటున్నారు,” అంది అక్క. బొమ్మలు తీసి బల్ల మీద పరిచాను.

అక్క తన ఫొటోను నా రెండో బొమ్మ పక్కన పెట్టి, ఒక్కో చెట్టు మీదా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. జంట కొమ్మల చెట్టు దగ్గర వేలు ఆగింది.

“దీనికి ఆకులెక్కడివే?”

“చెట్టన్నాక ఆకులుండవా?”

“ఫొటోలో ఉన్నాయా?”

లేవు. “ఆకు రాలే కాలమేమో అనుకున్నానక్కా. బోడిగా వేస్తే బొమ్మ ఏడుస్తున్నట్టుంటుందని...”

“చచ్చిపోయిందే అది! కొంప ముంచావు కదే!”

అలాంటివి మరికొన్ని తేలాయి. ఖాళీ కనబడితే నింపెయ్యడం నాకు చేతికి పట్టిన అలవాటు. ఎక్కడ ఖాళీ వదిలినా పబ్లిషర్లు “ఇక్కడేమైనా వెయ్యండి మేడమ్” అంటారు. ఎండిన చెట్లన్నింటికీ ఆకులు తొడిగి, వాటి కింద నీడలు కూడా పరిచేశాను. దాంతో నీడలన్నీ కలిసిపోయాయి.

మళ్లీ మొదటినుంచీ వెయ్యాలంటే వారం పడుతుంది. ట్రేసింగ్ కాగితం మీది సిరాను బ్లేడుతో గీకడం ఒక్కటే దారి. చెయ్యి కాస్త బరువు పడిందా, కాగితానికి చిల్లే. ఫ్యాను ఆపేశాను. చెమట బొట్టు పడుతుందేమోనని నుదుటికి తువ్వాలు చుట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మొదలుపెట్టాను. వెనకాల అక్క కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

“నువ్వలా తిరిగితే నా చెయ్యి వణుకుతుంది. కూర్చో తల్లీ!”

కూర్చుంది. కాలు ఆడించడం మొదలుపెట్టింది.

ఒకచోట కాగితం పొరలా పలచబడింది. బ్లేడు వదిలేసి, వేళ్లు చాచుకుంటూ పక్కనున్న మొదటి బొమ్మ వైపు చూశాను. అందులోనూ ఒక జంట కొమ్మల చెట్టుంది. వంపు అదే, మొదలు దగ్గర బుడిపె కూడా అదే.

“అక్కా, ఈ చెట్టు ఆ బొమ్మలో కూడా ఉందేంటి?”

“ఉండదా మరి? రెండూ ఒకే చోటు కదే. అది నేను మొదటిసారి వెళ్లినప్పటిది, ఇది నిరుడు తీసింది. వ్యాసమంతా ఆ చెట్లు పోవడం గురించే. నీకు పంపాను, చదవలేదా?”

చదవలేదు. ఫొటోలు చెరో వైపు నుంచి తీసినవి కావడంతో వేర్వేరు అడవులనుకున్నాను. అక్క కళ్లముందే ఆ చెట్లు ఒక్కొక్కటే పోయాయి. నేనేమో వాటికి ఆకులు తొడిగి, అక్కడేమీ జరగనట్టు చూపించాను. మళ్లీ బ్లేడు అందుకున్నాను.

“దాని కిందే కూర్చుని భోంచేసేదాన్ని,” అంది అక్క మెల్లిగా.

మిగతా చెట్ల ఆకులూ నీడలూ గీకి, దాన్ని చివరికి ఉంచాను. ఒక్క కొమ్మకు గుప్పెడు ఆకులు మిగిలాయి.

“ఈ కాసినీ ఉంచనా అక్కా? ఎవరికీ తెలియదు.”

అక్క ఫొటో వైపు చూసింది. “గీకెయ్,” అని కిటికీ వైపు తిరిగింది.

గీకేశాను. ఆకులు పోయాక కింద నీడ మిగిలింది. అదీ గీకేశాను. కాగితం చిరగలేదు.

స్కాన్ చేసి పంపేసరికి వీధిలో ఇంకా వెలుతురుంది. కాసేపటికి జవాబొచ్చింది.

“తేడా ఇప్పుడు బాగా తెలుస్తోందట,” అంది అక్క.

ఎగిరి గంతెయ్యాల్సిన మాటే. అక్క మాత్రం మొదటి బొమ్మను దగ్గరికి లాక్కుని, జంట కొమ్మల చెట్టు నీడ మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.