దొరకి కుట్టిన చొక్కాలు

మా తమ్ముడు తెల్లగా పుట్టాడు. పౌడరు రాసుకున్న తెలుపు కాదు. జుట్టు, కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు, అన్నీ పాలరంగే. ఒంట్లో రంగన్నదే లేదని, ఎండ తగలకూడదని డాక్టర్లు చెప్పారు. వీధిలో వాళ్ళు మాత్రం "దొర" అని పేరు పెట్టి ఊరుకున్నారు. వాడు నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అమ్మ పోయాక వాడి బట్టలు నా పూచీ అయ్యాయి. నాది దర్జీపని. మా దగ్గర ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. పల్చని బట్ట కుడితే ఎండ దూరి కాలిపోతాడు, మందంది కుడితే చెమటకి ఉడికిపోతాడు. బజార్లో ప్రతి తానునీ వెలుగుకి ఎత్తి పట్టి, వెనకాల నా వేళ్ళు కనబడితే అక్కడే పడేసేదాన్ని.

"బట్ట కొంటారా అమ్మా, ఎక్స్‌రే తీస్తారా?" అనేవాడు కొట్టతను.

చివరికి ఒత్తుగా నేసిన నూలుబట్ట ఏరుకుని, గాలాడేలా వదులుగా, మణికట్టు దాకా చేతులు, మెడ మూసే కాలరు పెట్టి కుట్టేదాన్ని. వాడు పనిచేసే ఫొటో స్టూడియోకి నడిచే వెళ్ళాలి మరి.

"ఒక్క పొట్టిచేతుల చొక్కా కుట్టవే అక్కా. చంకలు నానిపోతున్నాయి" అని ఎండాకాలం వస్తే చాలు, ఒకటే గోల.

"నా కంఠంలో ప్రాణం ఉండగా కుట్టను. పోరా!"

ఒకసారి కొత్త కళ్ళజోడు పెట్టుకున్నాక వాడి కుడి చెవి మీద పుండు లేచింది. కళ్ళజోడు కాడ ఒరుసుకుందనుకున్నాం. ఆ కాడకి మెత్తని గుడ్డ చుట్టి కుట్టాను. మానలేదు. కళ్ళజోళ్ళ కొట్టువాడితో పోట్లాడి వేరేది తెచ్చాను. అదీ ఒరుసుకుందనే అనుకున్నాం. అన్నేళ్ళూ ఎండకి కాలకుండా ముఖానికి మందు రాశాం, మెడకి రాశాం, ముందువైపు అంచున్న టోపీ పెట్టాం. చెవులకి ఎండ తగులుతుందని మా ఇద్దరికీ తట్టలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి అది కేన్సరయింది. చెవి తీసేశారు. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకింది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు" అంది పక్కింటావిడ. ఆవిడ మొహం మీదే తలుపేశాను. వేసి, ఆ తలుపు వెనకే కూలబడి ఏడ్చాను.

ఇక చేసేదేం లేదని ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. ఒక పొద్దున వాడు వీధిమెట్ల మీద కూర్చుంటానన్నాడు. నేను చొక్కా, టోపీ, మందు పట్టుకుని తయారయ్యాను.

"ఆ చొక్కా చేతులు కత్తిరించెయ్ అక్కా."

"ఎండరా!"

"తెలుసు."

"బొబ్బలెక్కుతాయిరా పిచ్చి సన్నాసీ!"

"ఎక్కనీ. ఇంకా దేన్ని కాపాడుతున్నావు నువ్వు?"

కత్తెర తీశాను. గుడ్డ వంకరటింకరగా తెగింది.

"అంచు మడిచి కుట్టి ఇస్తానుండు" అన్నాను.

"నువ్వు కుట్టేసరికి పొద్దెక్కిపోతుంది. ఇలా ఇచ్చెయ్."

మెట్ల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద చాపాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ చేతులు ఎండ చూడలేదు. పక్కనే కూర్చున్నాను. మనసు ఆగక టోపీ అందించబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. వాడి చర్మం అప్పుడే ఎర్రబడుతోంది. లోపలికి నడవరా అన్న అరుపు గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

"అక్కా" అన్నాడు కళ్ళు తెరవకుండానే, "ఇంత హాయిగా ఉంటుందని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నాకూ తెలీదురా" అని అబద్ధమాడాను.