గోడ మీద ముత్యమ్మ నీడ

ఇస్నాపూర్ చౌరస్తాలో పొద్దున్నే షట్టర్ ఎత్తగానే పెద్దరాములు మొదట దుకాణం ముందు నీళ్లు చల్లుతాడు. బొంబాయి రోడ్డు మీద లారీలు లేపే దుమ్ముకు ఆ తడి ఎంతోసేపు నిలవదు. అయినా చల్లుతాడు. తర్వాత హారన్లు, వైరు చుట్టలు గుమ్మానికి వేలాడదీసి, చార్జింగుకు పెట్టిన బ్యాటరీలను తడిమి చూసుకుని, ఎదురు హోటలుకు చెయ్యి ఊపి చాయ్ తెప్పించుకుంటాడు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఎవరి బండికి కరెంటు పని పడ్డా ముందు గుర్తొచ్చేది అతనే.

రెండు వేల ఆరులో ఆ ప్రాంతానికి తెల్ల లైటు పిచ్చి పట్టుకుంది. పొలాలు అమ్మి పెద్ద బండ్లు కొన్నవాళ్లకు బండితో వచ్చిన పసుపు వెలుతురు కంటికి ఆనడం మానేసింది. హెచ్.ఐ.డి. లైట్లని పెద్దరాములు బోర్డు రాయించాడు. జనం మాత్రం జెనాన్ అనేవాళ్లు. మామూలు హాలోజన్ బల్బులో తీగ ఎర్రగా కాలి వెలుగుతుంది. ఇందులో తీగ ఉండదు. పక్కన బిగించిన చిన్న డబ్బా ఒక్కసారిగా పెద్ద కరెంటు కొడితే, గాజు బుడ్డిలోని గ్యాసు అంటుకుని ముందు నీలంగా, కాసేపటికి పాలలా తెల్లగా వెలుగుతుంది. పాత బల్బుకు మూడింతల వెలుతురు. చీకట్లో రోడ్డు మీద చీమ కనపడుతుందని వేయించుకున్నవాళ్లు మురిసిపోయేవాళ్లు.

పెద్దరాములుకు ఇంకో సంగతి కూడా తెలుసు. బల్బు వెనకాల ఉండే అద్దపు గిన్నెను మెకానిక్కులు డూమ్ అంటారు. ఆ డూమ్ వంపు తీగ బల్బు కోసం చేసింది. తీగ ఉండే చోట ఈ గ్యాసు వెలుగు పెడితే వెలుతురు రోడ్డు మీద ఆగదు. పైకి చిమ్మి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. తెల్ల లైటు కావాలంటే ముందర లెన్సు ఉన్న వేరే డూమ్ పెట్టాలి, దాని వెలుతురు గోడ మీద వేసి చూసి కిందికి వంచాలి. అఫ్జల్‌గంజ్‌లో పని నేర్పిన ఉస్తాద్ ఈ మాట చెవి పట్టుకుని మరీ చెప్పాడు. కానీ ఆ డూమ్ పట్నం నుంచి తెప్పించాలి, గిరాకీ ఆగాలి. బల్బు ఒక్కటే మార్చడమైతే చాయ్ తాగినంత సేపట్లో అయిపోతుంది.

వెలిమెల అంజయ్య తన కొత్త కారు తెచ్చినప్పుడు అదే జరిగింది. ఎడమవైపుకు సరిపోయే బల్బు దొరక్క పెద్దరాములు ఇంకో పెట్టెలోది వేశాడు. అది పక్కదానికన్నా కొంచెం నీలంగా వెలిగింది. అంజయ్య బండి ముందు నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"రాములూ, ఎదురొచ్చెటోళ్లకు తక్లీఫ్ గాదా?"

పెద్దరాములు స్క్రూ బిగిస్తూ తల ఎత్తలేదు. "ఏం గాదన్నా. అందరు ఏపిచ్చుకుంటున్నరు."

ఆ వారంలోనే పొద్దు గూకే వేళ, చిట్కుల్ వెళ్లే దారిలో మందుల కంపెనీ గోడ మలుపు దగ్గర సోమయ్య టీవీఎస్ బండి రోడ్డు పక్క మురుగు మోరీలో పడింది. సోమయ్య కంపెనీ వ్యాను నడుపుతాడు. డ్యూటీ దిగి, పటాన్‌చెరు బస్టాండు దగ్గర జామకాయలు అమ్ముకునే తల్లి ముత్యమ్మను వెనక కూచోబెట్టుకుని ఇంటికి పోతున్నాడు. అతని మోకాళ్లు చీరుకుపోయాయి. ముత్యమ్మ తొడ ఎముక విరిగింది. ఎదురుగా వచ్చిన బండి ఏమీ ఎరగనట్టే వెళ్లిపోయింది.

ముత్యమ్మ నీడ మాత్రం గోడ మీదే ఉండిపోయింది. వెనక సీటులో కూచున్న మనిషి, ఒడిలో గంప, ఎదురుగా వచ్చేదానికి అడ్డంగా లేచిన చెయ్యి. తెల్లారి చూసినవాళ్లు అయ్యో పాపం అనుకున్నారు. ఆసుపత్రి నుంచి తెచ్చిన ముత్యమ్మను ఎండలో మంచం మీద దింపితే మంచం నీడే పడింది, ఆమెది పడలేదు. అప్పుడు కూడా అయ్యో పాపం అనే అనుకున్నారు. కంపెనీవాళ్లు గోడకు సున్నం వేయించినప్పుడు కూలీలు నీడ చుట్టూ వదిలేసి వేశారు. ఆ జాగాలో గోడ సల్లగా ఉంటుందని, షిఫ్టు బస్సు కోసం నిలబడే బీహారు పిల్లలు వీపు ఆనించుకునేవాళ్లు.

నీడ పోయినవాళ్లకు ఎండ ఎక్కువ తగులుతుంది. ముత్యమ్మది ఒకటే అర్ర ఉన్న రేకుల ఇల్లు. లోపల ఉడుకుతుంది, బయట కాలుతుంది. చెట్టు కింద కూచోబెట్టినా ఆకుల మధ్య నుంచి ఎండ ఆమెను వెతుక్కుని వచ్చి తాకేది. కోడలు తడిగుడ్డ కప్పడం, అది ఆరిపోవడం, మళ్లీ తడపడం.

సోమయ్య పగిలిన హెడ్‌లైటు బాగు చేయించడానికి బండి తోసుకుంటూ పెద్దరాములు దగ్గరికే వచ్చాడు.

"ఎట్ల పడ్డవు సోమన్నా?" అని పెద్దరాములు అడిగాడు.

"చెప్తె నవ్వుతవు. లైటు పడ్డది, అంతె. రోడ్డు లేదు, గోడ లేదు, అంత పాలు వోసినట్టు తెల్లగ. రెండు లైట్లల్ల ఒకటి జెర నీలంగ ఉండె. గదొక్కటె యాదికున్నది."

పెద్దరాములు చేతిలోని బల్బు జారింది. కింద పడకుండా పట్టుకున్నాడు.

"నా కండ్లే పోయినట్టున్నయి రాములన్నా," అన్నాడు సోమయ్య. "ఆ బండికి ఎదురు ఎంతమంది పోలే? అందరు మంచిగనే పోయిండ్రు. నేనొక్కన్నే అవ్వను మోర్ల పడేసిన. వ్యానుల ఆడపిల్లలను ఎక్కిచ్చుకొని తిరుగుతుంటి. వాళ్లకేమన్న ఐతె? అందుకే డ్యూటీ బంద్ జేసిన."

చెప్పాల్సింది అప్పుడే. మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ హోటలు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. పెద్దరాములు కొత్త బల్బు బిగించి, వైరు మార్చి, బండిని శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. సోమయ్య జేబులో చెయ్యి పెడితే వద్దన్నాడు.

"నీ అసుంటోళ్లు ఉండవట్టే బతుకుతున్నం అన్నా," అని సోమయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఆ చెయ్యిని పెద్దరాములు ఆ రోజు ఎన్నిసార్లు కడిగాడో. అన్నం కలుపుకుంటుంటే ఇంకా ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

అప్పటి నుంచి గోడ దారి వదిలేసి, చుట్టు తిరిగి బాతుల కుంట మీదుగా ఇంటికి పోయేవాడు. సోమయ్య గోదాములో మూటలు మోస్తున్నాడని విన్నాడు. అతను కల్లు తాగి నడిపాడని ఊళ్లో కొందరు అంటున్నారనీ, సోమయ్య కాదనడం లేదనీ విన్నాడు. లైటు పడ్డది నాయినా అని ముత్యమ్మ ఎంత చెప్పినా, అందరి బండ్లకూ లైట్లుంటాయి కదా అవ్వా అని నవ్వేవాళ్లట. తెల్ల లైట్లు కావాలని గిరాకీలు వస్తుంటే సరుకు అయిపోయిందని అబద్ధమాడి పంపేవాడు. బోర్డు మాత్రం దించలేదు. దించితే ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని భయం.

ఒక సాయంత్రం అన్నాల వేళకు కరెంటు పోయింది. పట్నం నుంచి అతనే తెచ్చిన ఎల్‌ఈడీ లైటును భార్య దేవమ్మ వెలిగించింది. బియ్యపు గింజలంత బల్బులు వరసగా పేర్చిన చిన్న పలక అది. వాటిలో కాలే తీగ గానీ గ్యాసు గానీ లేదు. రాత్రంతా వెలిగినా చేతికి వేడి తగలదు, బ్యాటరీ దిగదు. ఒక్కటే చిక్కు, వెలుతురు ఎటు తిప్పితే అటే సూటిగా పోతుంది. దాన్ని చేత్తో పట్టుకుని ఆమె అతని ఎదురుగా కూచుంది.

"నెల పొద్దయింది, నా మొకం దిక్కు చూస్తలేవు. ఏందయ్యా నీ పరేషాను?"

"ముందుగాల ఆ లైటు కిందికి వంచు. కండ్లల్ల కొడుతున్నది. నువ్వు కనవడుతలేవు."

దేవమ్మ వంచలేదు.

"గోడ దిక్కు పోతలేవంట గదా," అంది. "ముత్యమ్మ మీద పడ్డ లైటు నువ్వు ఏసిందేనా?"

పళ్లెంలో అన్నం మెతుకులు ఒక్కొక్కటీ వాటి నీడతో సహా కనిపిస్తున్నాయి. పెద్దరాములు వాటినే చూస్తూ తలూపాడు. దేవమ్మ లైటు బోర్లించి పెట్టి, లేచి పోయింది. తిట్టి ఉంటే అతనికి కొంచెం సులువుగా ఉండేది.

మర్నాడు అంజయ్యకు ఫోను చేశాడు. లైట్లు సరిచెయ్యాలి, పొద్దు పొడవక ముందే కంపెనీ గోడ దగ్గరికి బండి తేవాలన్నాడు. ఆ మరుసటి తెల్లవారుజామున చిట్కుల్ పోయి సోమయ్యను నిద్ర లేపాడు. ఎందుకో చెప్పలేదు. సోమయ్య కూడా, పిలిచింది రాములన్న కదా అని, కండువా భుజాన వేసుకుని వెంట నడిచాడు.

ఇంకా మసకగానే ఉంది. పెద్దరాములు బండిని గోడకు ఎదురుగా, దూరంగా పెట్టించాడు. లైట్ల ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో అడ్డగీత గీశాడు. ముత్యమ్మ నీడ ఆ గీతకు పైనే ఉంది. లైట్లు వేయించాడు. వెలుతురు గీత దగ్గర ఆగలేదు. గోడ దాటి, పైనున్న ముళ్ల తీగ దాటి, లోపలి చెట్ల కొమ్మల దాకా చిమ్మింది.

"అన్నా, నువ్వు జెర ముంగటికి పోయి నిలవడు," అన్నాడు అంజయ్యతో. "బండి దిక్కు చూస్కుంట రా."

అంజయ్య గోడ దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. చేతులు ముందుకు చాచి, గాలిలో తడుముకుంటూ, రోడ్డు ఎటుందో కాలితో వెతుక్కున్నాడు. "ఏడున్నరు మీరు?" అని అడిగాడు. ఇద్దరూ అతని ఎదురుగానే, బండి పక్కన నిలబడి ఉన్నారు.

ఆ తడుములాటను సోమయ్య చూశాడు. ఎడమ లైటు నీలాన్నీ చూశాడు. ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకుండానే అతని ముఖం మారింది.

"నీ కండ్లు మంచిగనె ఉన్నయి సోమన్నా," అన్నాడు పెద్దరాములు. "లైటే తప్పు. అది ఏసింది నేను. గిట్లయితదని తెలిసే ఏసిన. నువ్వు నా తాన నిలవడి నీ కండ్లను తిట్టుకుంటుంటె ఇనుకుంట ఉన్న."

అంజయ్య కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఆనాడు నేను అడిగిన గద రాములూ నిన్ను."

"అడిగినవన్నా. నేనే ఏం గాదన్న."

అంజయ్య ఇంకేదో అనబోయి సోమయ్యను చూసి ఆగిపోయాడు. బండి తాళం చెవి చేతిలో తిప్పుతూ తల వంచుకున్నాడు. "మా బండి అని నాకు తెల్వదు తమ్మీ," అన్నాడు చాలా మెల్లగా.

పెద్దరాములు బానెట్ ఎత్తి తెల్ల బల్బులు, డబ్బాలు పీకేశాడు. పాత పసుపు బల్బులు బిగించాడు. మళ్లీ లైట్లు వేస్తే వెలుతురు బుద్ధిగా గీత కింద పరుచుకుంది. షిఫ్టుకు పోయే జనం అప్పటికే సైకిళ్లు ఆపి చూస్తున్నారు. చౌరస్తా హోటలు దగ్గర చాయ్ తాగేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పెద్దరాములు వాళ్ల వైపు తిరిగి, సోమయ్య తాగి పడలేదనీ, తన లైటే పడేసిందనీ అందరికీ వినపడేలా చెప్పాడు. చెప్పాక ఎక్కడ చూడాలో తెలియక నేలను చూశాడు.

అప్పుడే పొద్దు పొడిచింది. గోడ మీది నీడ లేచిన చెయ్యి దించింది. గంప సర్దుకుని, సుద్దగీత దాటి దిగి, రోడ్డు మీదుగా వచ్చి పెద్దరాములు నీడ పక్కన, అతని పాదాలకే అంటుకుని నిలిచింది. గోడ అంతా ఒకటే తెలుపు అయింది. బస్సు కోసం నిలబడ్డ బీహారు కుర్రాడు ఇక అక్కడ సల్లగా లేదని పక్కకు జరిగాడు.

సోమయ్య ఆ రెండు నీడలనూ చూశాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొడతాడేమో అనుకున్నాడు పెద్దరాములు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"ఎండ మీదికొస్తున్నది," అన్నాడు సోమయ్య. "అవ్వను బయట పండబెట్టే యాళ్లయింది. నడువు."

చిట్కుల్ దాకా అతను ముందు, పెద్దరాములు వెనక. వాకిట్లో మంచం మీద ముత్యమ్మ కాలికి కట్టుతో పడుకుని ఉంది. సోమయ్య అంతా చెప్పాడు, ఏదీ దాచకుండా, ఏదీ పెంచకుండా. ఆమె విన్నంతసేపూ పెద్దరాములు వాకిటి అంచునే నిలబడ్డాడు.

"నా కొడుకును తాగుబోతు అన్నరు," అంది ముత్యమ్మ చివరికి. "నువ్వు ఇన్నవు గద?"

"ఇన్న పెద్దమ్మా."

ఆమె అతని ముఖం చూడలేదు. అతని పాదాల దగ్గర ఒడిలో గంపతో కూచున్న తన నీడను చూసింది. చాలాసేపు చూసింది. పిలిస్తే వస్తుందేమోనని వేళ్లు కదిపింది. నీడ రాలేదు.

సోమయ్య లోపలికి పోయి వ్యాను డ్రైవరు ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. మళ్లీ పనిలో పెట్టుకుంటారేమో అడుగుతానని తల్లికి చెప్పి, పెద్దరాములును దాటుకుని వెళ్లిపోయాడు. చౌరస్తాలో ఈపాటికి దుకాణం తెరవాల్సిన వేళ అయింది. షట్టర్ ముందు ఎవరో ఒకరు బండి ఆపి చూస్తూ ఉంటారు. పెద్దరాములు పోతే నీడ అతని వెంటే పోతుంది. నీడ పోతే ముసలామెకు ఎండే మిగులుతుంది.

అతను మంచానికి, పొద్దుకు మధ్యన వచ్చి నిలబడ్డాడు. రెండు నీడలూ ముత్యమ్మ మీద పడ్డాయి. కోడలు ఆరిపోయిన తడిగుడ్డను తీసి దండెం మీద వేసింది.

"జెర ఇటు జరుగు," అంది ముత్యమ్మ కళ్లు మూసుకుంటూ. "కాలు మీద పడతలేదు."

పెద్దరాములు జరిగాడు.