కళ్ళు దిద్దని ముఖం

నేను ఒక ముఖాన్ని. నుదురుంది, ముక్కుంది, చెంపల మీద నల్లటి జ్వాలలు కూడా గీశారట. కళ్ళుండాల్సిన చోట మాత్రం రెండు కంతలు. అందుచేత నేను చూసి చెప్పేది తక్కువ, చాలామటుకు విన్నదే.

పుట్టుకకు మేకతోలును. ధర్మవరం దగ్గర ఒక పల్లెలో తోలుబొమ్మలు చేసే కుళ్ళాయమ్మ నన్ను నానబెట్టి, గీకి, ఎండబెట్టి, చిన్న ఉలితో వందల చిల్లులు కొట్టి ముసుగుగా మలిచింది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బొమ్మకు కళ్ళు అన్నిటికంటే చివర దిద్దుతారు. దిద్దాకే దానికి ప్రాణం వచ్చినట్టు. కళ్ళు లేని బొమ్మ గడప దాటకూడదు. పాతబడి చిరిగిన బొమ్మను చెత్తలో వేయరు, దండం పెట్టి ఏట్లో వదులుతారు.

నన్ను చేయించినవాడు వంశధర్ అనే సినిమా దర్శకుడు. అతని చేతిలో ఎప్పుడూ ఒక జపాను బొమ్మల కథల పుస్తకం ఉండేది. దయ్యంతో బేరం పెట్టుకుని సొంత ముఖం పోగొట్టుకున్నవాడి కథ అది. పాపం, వాడు చివరి పేజీ దాకా ముసుగు తీయడు. దాన్ని తెలుగులో సినిమాగా తీస్తానని చెప్పి, కుంచె ఎత్తిన కుళ్ళాయమ్మను ఆపాడు.

“కళ్ళు మీరు గీయొద్దమ్మా. కంతలు వదిలేయండి. లోపల్నుంచి హీరో కళ్ళు కనబడాలి.”

“కండ్లు లేని బొమ్మను ఎప్పుడూ పంపలేదు సామీ. మాయమ్మ బతికింటే ఒప్పుకునేది కాదు.”

“హీరో పెట్టుకోగానే దీనికి కళ్ళు వస్తాయి కదమ్మా. అదే ప్రాణం అనుకోండి.”

ఆవిడ కుంచె కింద పెట్టిన చప్పుడైంది. చివరికి నన్ను పాత చీరముక్కలో చుట్టి, “మాట తప్పొద్దు సామీ” అంటూ అతని చేతిలో పెట్టింది. ఇంటి ఆచారాన్ని ఆ ఒక్క మాట నమ్మి తప్పింది.

హైదరాబాదులో షూటింగు మొదలైన రోజు నాకు హారతిచ్చి కొబ్బరికాయ కొట్టారు. ఇక చూపు రావడమే తరువాయి అని నేను మురిసిపోతున్నాను. అంతలో హీరోగారి మేనేజరు సూర్యారావుగారి గొంతు వినబడింది.

“ఇది పెట్టుకుంటే బాబు మొహం కనబడదు కదండీ?”

“అదే కథండీ. వాడికి ముఖం ఉండదు.”

“జపాను వాళ్ళు ఎలా సర్దుకున్నారో గాని, మనోళ్ళు బాబు మొహం చూడ్డానికే వస్తారండీ. పోస్టరు మీద ఏం వేస్తారు, మేకతోలా?”

దర్శకుడు రెండు రోజులు పోట్లాడి మూడో రోజు తల ఊపాడు. ముందు సగం ముసుగు చాలన్నారు, తర్వాత నుదుటికి పట్టీ చాలన్నారు. దయ్యం ముఖం పట్టుకుపోవడం మానేసి హీరోగారి చెల్లెల్ని పట్టుకుపోయింది. శాపం చెంప మీద చిన్న గాటుగా మిగిలింది. పాటల్లో అదీ ఉండదని మేకప్పువాళ్ళు నవ్వుకుంటుంటే విన్నాను. ముసుగు లేకుండా ముసుగువాడి కథ తీయగల మొనగాళ్ళు వీళ్ళు! నన్ను గోడకు తగిలించి ఒక్క షాటు తీశారు. అందులో హీరోగారు నాకు వీపు తిప్పి నడిచి వెళ్ళిపోయారు. చివరికి ఆ షాటూ కత్తిరించేశారట.

ఆ తర్వాత నా బతుకంతా సినిమా సామాన్లు అద్దెకిచ్చే గోడౌనులో, ఒక మేకు మీద. బల్లులు నా మీద కాపురం పెట్టాయి. ఎన్నాళ్ళు గడిచాయో తెలియదు.

ఒకరోజు భోజనాల వేళ కుళ్ళాయమ్మ గొంతు వినబడింది. గోడౌను చూసుకునే మల్లేశంతో మాట్లాడుతోంది.

“సినిమా రెండుమార్లు చూసినానన్నా. నా బొమ్మ యాడా లేదు. తప్పు నాదే, కండ్లు పెట్టకుండా పంపిస్తి. తోలుముక్కలు, రంగు తెచ్చుకున్యా. ఈడనే కూర్చోని కండ్లు పెట్టేసి పోతా.”

“గట్ల కుదరదమ్మా. కంపెనీ సామాను. గీత పడ్డా నన్నే అడుగుతరు.”

“అట్లయితే నాకిచ్చేయన్నా. ఇంటికి తీస్కపోయి కండ్లు పెట్టి, ఏట్లో వదుల్తా.”

“నా చేతుల లేదమ్మా. కావాల్నంటే ఒకపారి చూస్కో.”

మేకు మీంచి నన్ను దింపిన వేళ్ళు నాకు తెలిసినవే, ఉలి పట్టి గట్టిపడినవి. కొంగుతో దుమ్ము తుడిచింది. కంతల అంచులు తడిమింది. ఆ తర్వాత నన్ను తన ముఖానికే పెట్టుకుంది.

నాకు కళ్ళు వచ్చాయి.

వెలుగంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చెక్క కత్తులు, థర్మకోల్ దేవుళ్ళు కనబడ్డాయి. ఎదురుగోడ మీద ఆ సినిమా పోస్టరుంది. దాని నిండా ఒకే ఒక ముఖం, నున్నగా, తెల్లగా, నవ్వుతూ. కాసేపటికి ఆవిడ కళ్ళలో నీళ్ళు నిండి ఆ ముఖం చెదిరిపోయింది. నీళ్ళు నా లోపలివైపు చెంపల మీదుగా దిగాయి. తోలుకు తడి మంచిది కాదని ఆవిడకు తెలుసు. అయినా తీయలేదు.

“చూసినవ్ గదా, ఇగ పెట్టెయ్ అమ్మా” అన్నాడు మల్లేశం, మెల్లగానే.

ఆవిడ నన్ను మళ్ళీ మేకుకు తగిలించింది. గాజులు చప్పుడయ్యాయి, దండం పెట్టిందేమో. అడుగులు తలుపు దాటి వెళ్ళిపోయాయి. నాకు మళ్ళీ ఇదివరకటి చీకటే. కాకపోతే ఇప్పుడు, ఎదురుగోడ మీద ఎవరు నవ్వుతున్నారో నాకు తెలుసు.