నలభై ఎనిమిదో కన్నం

పైపు గోడ దాటే ప్రతిచోటా చుట్టూ కాస్త సందు మిగులుతుంది. మంటలు రేగితే పొగకి ఆ సందు చాలు. దాన్ని మంటకి లొంగని ముద్దతో పూడ్చి సీలు చేయడం బాబాయి పని. ప్రతి సీలునూ ఫొటో తీసి, నంబరు వేసి ఫైలుకెక్కించడం ఆమె పని.

తండ్రి పోయాక ఆమెను పెంచింది ఆ బాబాయే. కెమెరా కనబడితే ఆమడ దూరం పారిపోయేవాడు. "నా మొహం చూస్తే సీలు కూడా జడుసుకుని ఊడిపోతుందే" అనేవాడు. కొలత తెలియడానికి మాత్రం సీలు పక్కన బొటనవేలు ఆనించేవాడు. ఆయన పోయి రెండు నెలలు. ఆమెకు మిగిలినవి ఆ వేలి ఫొటోలే, పనిచేసిన భవనాలన్నీ కలిపి మూడు వందల పన్నెండు.

బెంగ పుట్టినప్పుడల్లా ఫైలు తెరిచేది. ఆ మధ్యాహ్నం అలా చూస్తూ చూస్తూ ఆగిపోయింది. ఆఖరి భవనంలో, నలభై ఏడులో వేలికి ప్లాస్టరు, దాని మీద ఎర్రటి మరక. నలభై ఎనిమిదిలోనూ అదే ప్లాస్టరు, అదే మరక. రెండూ ఒకే ఫొటో.

అప్పుడు గుర్తొచ్చింది, బాబాయి పనిచేసిన ఆఖరి సాయంత్రం. "నలభై ఎనిమిది దగ్గరికి ఎక్కి గుర్తు పెట్టొచ్చాను గానీ, ఇక ఊపిరాడట్లేదమ్మా. ఈ ఫొటోనే రెండిటికీ పెట్టెయ్. రేపు పొద్దున్నే పూర్తిచేస్తాను" అన్నాడు. పెట్టేసింది. తెల్లారేసరికి ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, మళ్లీ ఇంటికి రాలేదు. ఆ ఏడుపుల్లో ఆ కన్నం సంగతి ఆమె పూర్తిగా మరిచిపోయింది.

వచ్చే వారం ఆ భవనంలో పిల్లల ఆసుపత్రి తెరుస్తున్నారు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నోరు విప్పితే బాబాయి పరువు పోతుంది. రెండు రోజులు ఫైలు తెరుస్తూ మూస్తూ గడిపింది. మూడో రోజు ఆ భవనం ఇంజినీరు దగ్గరికెళ్లి ఉన్నదంతా చెప్పేసింది.

ఆయన తల పట్టుకున్నాడు. "ఒకటి దొంగదయ్యాక మిగతావి ఎలా నమ్మమంటావమ్మా? కోసి చూడాల్సిందే."

కోసి చూడడమంటే పాడుచేయడమే. కోసిన సీలు మళ్లీ పనికిరాదు. బాబాయి మంచివాడని తేలాలంటే బాబాయి పనిని ముక్కలు చేయాలి. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ముప్పై సీళ్లు కోశారు. కొలిమిలో పెట్టి పరీక్షిస్తే రెండు గంటలు మంటకి నిలిచిన నమూనా ఎలా ఉందో, ప్రతిదీ అచ్చం అలాగే ఉంది, లోపలిదాకా నిండుగా. "చెయ్యి తిరిగిన మనిషండీ, కొయ్యడానికి మనసు రావట్లేదు" అన్నాడు కోసేవాడు. నిచ్చెన కింద నిలబడి, రాలిన ముక్కలు ఏరుతూ ఆమె ఏడ్చింది.

చివరికి నలభై ఎనిమిది. సీలింగు పలక తీస్తే పైపు చుట్టూ ఖాళీ. సందులోంచి అవతలి గది వెలుగు కనిపిస్తోంది. పక్కన గోడ మీద పెన్సిలుతో బాబాయి చేతిరాత: "రేపు."

ముద్ద తెప్పించుకుని, ఆయన నేర్పినట్టే ఆ సందును తనే పూడ్చింది.

"కొలతకి వేలు పెట్టమ్మా" అన్నాడు ఇంజినీరు, కెమెరా ఎత్తి.

పెట్టింది.

"కదలకూడదమ్మా."

మూడుసార్లు తీసినా ఆ వేలు కుదురుగా నిలవలేదు.