కోతపండుగలో కుందేలు

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే కృపానిధి మంచివాడు. ఆ మాట అతని భార్య రాజకుమారి కూడా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న వెంటనే, చేతులకు ఆదివారం సెలవు దొరుకుతుంది గానీ ఆయన నోటికి ఏ వారమూ సెలవు లేదని కూడా కలుపుతుంది. ఈ కథలో జరిగిన రభసంతా ఆ నోటి వల్ల వచ్చిందే. కుందేలు తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు.

కుందేల్ని తెచ్చింది కూతురు షీబా. నర్సింగు చదువుకు విజయనగరం హాస్టల్లో చేరబోయే ముందు, స్నేహితురాలి ఇంట్లో పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చింది. తెల్లగా, అప్పుడే తురిమిన కొబ్బరిలా ఉందని దానికి కొబ్బరి అని పేరు పెట్టింది.

"దీనికేటి ఖర్చవుతాది నాన్నా, నాలుగాకులు పడేస్తే సాలు" అంది.

హాస్టల్లో జంతువుల్ని రానివ్వరని ఆ పిల్లకు ముందే తెలుసు. తెలియనట్టు మొహం పెట్టి, తండ్రి చేతిలో అట్టపెట్టె పెట్టి బస్సెక్కేసింది.

నాలుగాకుల సంగతి వారం తిరక్కుండానే తేలిపోయింది. కొబ్బరి మొదట అట్టపెట్టెను తినేసింది. తరువాత ఫోను ఛార్జరు తీగ, ఆ తరువాత రాజకుమారి కీర్తనల పుస్తకం అట్ట. పంజరం కొంటే, ఇది చిన్నదైపోయింది, కాళ్ళు చాపుకోలేదు, పెద్దది కొనమని షీబా ఫోనులో ఏడిచింది. పెద్దది కొన్నారు. ఉక్కపోతకు అది నోరు తెరిచి రొప్పుతుంటే ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దాని వైపు తిప్పారు. కృపానిధి విసనకర్ర పట్టుకున్నాడు. మిల్లు గేటు బయట ఏళ్ళ తరబడి తింటున్న మిరపకాయ బజ్జీలు కూడా మానుకున్నాడు. పిల్లల ఫీజుల కోసం బజ్జీలు మానేసిన కార్మికులున్నారు గానీ, కుందేలు కోసం మానేసినవాడు ఆ షిఫ్టులో అతనొక్కడే.

ఆగస్టులో ఒక ఆదివారం చర్చికి బయలుదేరుతూ చూసుకుంటే కొత్త చెప్పు పట్టీ సగం లేదు. పిన్నీసు పెట్టుకుని, కుంటుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజే పాస్టరు అయ్యగారు కోతపండుగ కానుకల మాట ఎత్తారు. ఏటా పంట చేతికొచ్చే రోజుల్లో జరిగే పండుగ అది. పొలం ఉన్నవాళ్ళు తొలి పంటలోంచి ధాన్యం బస్తా తెస్తారు. లేనివాళ్ళు గుమ్మడికాయో కోడిపెట్టో తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని చర్చి ఆవరణలోనే వేలంపాట వేస్తారు. ఎవరేం తెస్తారో ముందుగానే లేచి చెప్పడం ఆ సంఘం అలవాటు.

కృపానిధి లేచాడు.

"నాకు పొలం లేదు, కోడి లేదు. కుందేలున్నాది. దేవుడికి ఇచ్చీసాను. ఈరోజు పట్టుకెళ్ళిపోయినా నాకేటీ అభ్యంతరం లేదు."

సంఘమంతా నవ్వింది. నవ్వుతూనే ఆమెన్ అనేసింది. కృపానిధి ఏదో పెద్ద బరువు దించుకున్నవాడిలా కూర్చున్నాడు.

కథ అక్కడితో ఆగిపోతే బాగుండేది. మధ్యలో వానలు పడ్డాయి.

నెల్లిమర్లలో గోనెపట్టా చెయ్యని పని లేదు. కాళ్ళు తుడుచుకోవడానికి గోనె, కిటికీకి అడ్డంగా గోనె, చలికి ఆవు మీద గోనె. మిల్లు పక్కన బతికే మనిషికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు చెయ్యి గోనె మీదికే వెళుతుంది. తడికి కొబ్బరి ముడుచుకుని కూర్చోవడం చూసి కృపానిధికి జాలేసింది. మంచి కొత్త గోనెను నాలుగు మడతలు వేసి పంజరంలో పరిచాడు. మనసులో ఎంత విసుగున్నా చలికి వదిలేసేంత పాపిష్టివాడు కాదు మరి.

కొబ్బరి ఆ పరుపు మీద హాయిగా పడుకుంది. ఆ తరువాత దాన్ని పీచు పీచుగా తినేసింది. మర్నాటికి మేత ముట్టలేదు, మూలకు చేరి కళ్ళు మూసుకుంది. పంజరం కింద రోజూ రాలే నల్లటి ఉండలు కూడా కనిపించలేదు. ఆ ఉండల్ని ఊడ్చలేక చస్తున్నానని ఊరంతా చాటిన మనిషే, ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కటైనా ఉందేమోనని వెతికాడు.

కూరగాయల బుట్టలో పెట్టుకుని విజయనగరం పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు. అక్కడి డాక్టరమ్మ కొబ్బరి పొట్ట నొక్కి చూసి, ఏం తిన్నదని అడిగింది.

"గోనె తినీసిందమ్మా. మెత్తగుంటాదని నానే పరిసాను" అన్నాడు. 

డాక్టరమ్మ తిట్టలేదు. కుందేలుకు గడ్డే అన్నమనీ, క్యారెట్టు ఎప్పుడో పెట్టే మిఠాయి లాంటిదనీ, పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి రోజంతా గడ్డి నమలకపోతే అవే దాని నోటిని గుచ్చుతాయనీ ఓపికగా చెప్పింది. మందు రాసింది. సూది లేని సిరంజితో మేత పట్టించమంది, పొట్ట మెల్లగా నిమరమంది.

"బాగా చూసుకుంటే ఎనిమిదేళ్ళు బతుకుతుంది. చూసుకోగలరా?" అని చివర్లో అడిగింది.

 కృపానిధి మిల్లుకు సెలవు పెట్టాడు. షీబా పసిపిల్లగా ఉన్నప్పుడు కూడా పెట్టలేదని రాజకుమారి సాధించింది. సాధిస్తూనే సిరంజి వేడినీళ్ళలో కడిగి ఇచ్చింది. ఒళ్ళో తువ్వాలు వేసుకుని, దాని మీద కొబ్బరిని కూర్చోబెట్టుకుని, కృపానిధి గంటల తరబడి పొట్ట నిమిరాడు. పుట్టాక అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం అతనికి అదే మొదలు.

ఒక పొద్దున్నే అతని కేక వినిపించింది.

"రాజీ, ఇలగ రా, తొరగా రా."

రాజకుమారి గరిట పట్టుకునే వచ్చింది. కృపానిధి పంజరం కింద వేలు పెట్టి చూపించాడు. మిరియపు గింజంత ఉండ ఒకటి, దాని పక్కన ఇంకొకటి.

"దీనికా పొయ్యి మీద కూర వదిలీసి వచ్చాను" అంది రాజకుమారి. అని, పమిటతో కళ్ళు ఒత్తుకుంది. కృపానిధి ఎలాగూ దాచుకోలేదు, బాహాటంగానే ఏడ్చాడు.

ఆనాటి నుంచి అతని తీరు మారిపోయింది. షిఫ్టు దిగగానే కొడవలి పట్టుకుని చంపావతి ఏటిగట్టుకు పోయేవాడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే, ఆవు లేని ఇంటికి మేతేమిటని రైతులు ఎగతాళి చేసేవారు. ఇంటికి రాగానే కొబ్బరి వెనక కాళ్ళ మీద లేచి నిలబడేది. ఆ నిలబడటం కోసం అతను ఎంత దూరమైనా నడిచేవాడు.

నవంబరు చివర్లో అయ్యగారు ప్రసంగ వేదిక ఎక్కి, వచ్చే ఆదివారమే కోతపండుగ అని ప్రకటించారు. ఆగస్టులో తను అన్న మాట కృపానిధికి అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం అయ్యగారింటికి పోయి, కుందేలుకు బదులు రెండు కోళ్ళు ఇస్తానన్నాడు.

"మూడు ఇచ్చినా అంతే కృపానిధీ. నువ్వు ఇస్తానన్నావు, సంఘం ఆమెన్ అంది. నా చేతిలో ఏముంది?" అన్నారు అయ్యగారు.

"పోనీ, పాటలో నానే కొనుక్కుంటానండి."

"అదీ కుదరదు. ఇచ్చిన ఇంటివాళ్ళు పాడకూడదు."

ఆ నియమం వెనక ఒక మేకపోతు కథ ఉంది. ఒకప్పుడు ఒక పెద్దమనిషి మేకపోతును ఆర్భాటంగా ఇచ్చి, ఎవరూ తన మీద పాడరని తెలిసి, చవకగా తనే పాడుకుని ఇంటికి తోలుకుపోయాడట. ఆ చచ్చిన మేకపోతు ఇప్పుడు కృపానిధి కొంప ముంచింది.

"నోరు నీదే, మొక్కూ నీదే" అంది రాజకుమారి. అంతకంటే ఎక్కువ తిట్టలేదు. మొగుడు అన్నం కెలుకుతూ కూర్చోవడం చూశాక ఆవిడకు తిట్టబుద్ధి కాలేదు.

పండుగ ముందురోజు రాజకుమారి తమ్ముడు రాబర్ట్ సాలూరు నుంచి లారీతోనే దిగాడు. పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు, లారీయే వాడికి కొంప. వచ్చినప్పుడల్లా పంజరం ముందు చతికిలబడి, "ఏటి బావా, కూర బాగా బలిసినాది. ఎప్పుడు దింపుతావు?" అనడం వాడి సరదా. ఈసారి కూడా అన్నాడు. కృపానిధి నవ్వలేదు, లేచి గడ్డి వేసే మిషతో అవతలికి పోయాడు. రాబర్ట్ అక్క వైపు చూశాడు. ఆవిడ జరిగినదంతా చెప్పింది.

ఆదివారం ఆవరణలో షామియానా కింద బల్ల వేశారు. అరటిగెలలు, గుమ్మడికాయలు, ధాన్యం బస్తాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక మేకపిల్ల, వాటి మధ్య కూరగాయల బుట్టలో కొబ్బరి. అయ్యగారే పాట నడిపారు. కుందేలు వంతు రాగానే పిల్లలు కేరింతలు కొట్టారు. మనవల పోరు పడలేక ముసలి అప్పలమ్మ పాట మొదలుపెట్టింది. రాబర్ట్ ఆవిడ మీద పాడాడు. చూస్తుండగానే ధర కోడిపెట్టను దాటింది.

అప్పలమ్మ మంచిది. ఆవిడ ఇంట్లో ఉంటే రోజూ వెళ్ళి చూసి రావచ్చు. కృపానిధి మనసులో ఆవిడ కోసం ప్రార్థన చేసుకున్నాడు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ కొబ్బరి ఎవరింటికి పోయినా సుఖంగా ఉండాలి కదా అనుకుని లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాటండి. దానికి రోజూ మోపెడు పచ్చగడ్డి కావాల. నాలుగాకులంటే సాలదు. గోనె కనబడనీకండి, తినీసి సచ్చిపోతాది. ఎండాకాలం ఫ్యానుండాల. గోళ్ళు కత్తిరించాల. తీగలన్నీ పైకి కట్టీయాల. మేత మానీసిందంటే తెల్లారేదాకా ఆగకండి, డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళిపోండి. ఎనిమిదేళ్ళు బతుకుతాది. ఎనిమిదేళ్ళూ ఇలగే సూడాల. నానైతే సూసీవాడిని."

 అప్పలమ్మ మనవల వైపు చూసింది, తన మోకాళ్ళ వైపు చూసుకుంది.

"ఎనిమిదేళ్ళు నానే ఉంటానో లేనో బాబూ. నావల్ల కాదు" అని కూర్చుండిపోయింది.

ఇంకెవరూ నోరెత్తలేదు. రాబర్ట్ ఒక్కడే మిగిలాడు. అప్పుడు గాని కృపానిధికి తను చేసిన పని అర్థం కాలేదు. గడ్డి, ఫ్యాను, ఎనిమిదేళ్ళు అని చెప్పి పెంచుకునేవాళ్ళందర్నీ తనే తరిమేశాడు. వండుకునేవాడికి వాటితో పనేముంది? ఒక్క పూట పొయ్యి చాలు.

అయ్యగారు ఒకటోసారి అన్నారు. రాబర్ట్ మళ్ళీ చెయ్యెత్తి, మేకపిల్ల పలికిన ధర చెప్పాడు.

"ఎవరి మీద పాడుతున్నావయ్యా? పోటీకి ఎవరూ లేరు కదా" అన్నారు అయ్యగారు.

"దేవుడి దగ్గర బేరమేటండి" అని రాబర్ట్ డబ్బులు బల్ల మీద పెట్టి, బుట్ట చంకనెత్తుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

వేలం అయ్యాక చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందులో కృపానిధి విస్తరి ముందు కూర్చోలేకపోయాడు.  పిన్నీసు పెట్టిన చెప్పులు ఈడ్చుకుంటూ ఇంటి దారి పట్టాడు, వెనకే రాజకుమారి. సందు మొదట్లో లారీ ఆగి ఉంది.  ఆ మహానుభావుడు తన ఇంట్లోనే పొయ్యి వెలిగించాడని అనుకున్నాడు.

ఇంటి గుమ్మం దగ్గర ఏదో వెలితిగా అనిపించింది. ఎప్పుడూ పరిచి ఉండే గోనెపట్టా లేదు. కిటికీకి కట్టిన గోనె కూడా లేదు. రెండూ చుట్టచుట్టి గోడ మీద ఉన్నాయి. లోపల రాబర్ట్ నేల మీద బాసింపట్టు వేసుకుని, గడ్డిపోచ ఒక్కొక్కటే పంజరంలోకి అందిస్తున్నాడు. కొబ్బరి అటూ ఇటూ దవడలు ఆడిస్తూ నములుతోంది.

"ఏటి బావా, అక్కడ అందరికీ పాఠం సెప్పీసి నీ గుమ్మంలోనే గోనె ఏసుకున్నావు. మళ్ళీ తింటే ఏటి సేస్తావు?" అన్నాడు రాబర్ట్.

కృపానిధి ద్వారం పట్టుకుని నిలబడిపోయాడు.

"ఒరే, నువ్వు దీన్ని..."

"నాకిల్లేదు గదా, లారీలో ఎక్కడ పెంచుతాను? నీ దగ్గరే ఉంటాది. కాకపోతే నాదే, గుర్తెట్టుకో. వచ్చే కోతపండక్కి దీన్ని నాను కానుకిస్తాను. ఇచ్చేది నాను గాబట్టి పాడేది నువ్వు. ఆ పైయేడు నువ్వియ్యి, నాను పాడతాను."

రాజకుమారి తమ్ముడి నెత్తి మీద ఒక్కటి మొట్టి, వంటింట్లోకి పోయి విస్తరి తెచ్చి వేసింది. కృపానిధి రాబర్ట్ పక్కన కూలబడ్డాడు. 

"మేకపిల్ల ధర పెట్టీసావు గదరా. అంత ఎందుకురా?"

రాబర్ట్ ఇంకో పోచ అందించాడు.

"నాను పెట్టింది ఒక్కరోజు ఖర్చు బావా. ఎనిమిదేళ్ళు సూస్తానని అందరి ముందు నిలబడి సెప్పింది నువ్వు."

కృపానిధి తల ఊపాడు. లేచి, చూరులోంచి కొడవలి తీసుకున్నాడు. పొద్దు వాలకముందే గట్టుకు పోతే లేత గడ్డి దొరుకుతుంది.

"భోంచేసి ఎల్లు" అంది రాజకుమారి.

"దానికి రాత్రికి సాలదే" అంటూ అతను అప్పటికే సందులో పడ్డాడు.