రెండు వంటిళ్ళ లాప్‌టాప్

నేను లాప్‌టాప్ కొంటున్నానని తెలిసేసరికి మా లుగాంగ్ ఊళ్ళో ప్రతివాళ్ళూ నిపుణులైపోయారు. మాంసం బన్నులు అమ్మే ఆవిడ కూడా "సన్నగా ఉండేది తీసుకో బీయూన్, అదే బాగుంటుంది" అంది. ఇరవై ఆరేళ్ళుగా కుళాయిల అచ్చులకు బొమ్మలు గీస్తున్నదాన్ని, నాకేం కావాలో నాకు తెలియదా?

నాకు కావలసింది ఒకే పెట్టెలో రెండు సిస్టములు. నేను అచ్చు గీసే సాఫ్ట్‌వేరు విండోస్ మీద తప్ప నడవదు. పైగా బొటనవేలంత తాళం ముక్కను పక్కన గుచ్చితేనే తెరుచుకుంటుంది. ఆ బొమ్మ చూసి ఉక్కు దిమ్మను ఎటునుంచి ఎటు చెక్కాలో దారి వేసే సాఫ్ట్‌వేరు మాత్రం లినక్స్ మీదే నడుస్తుంది. అది మా ఆహుయక్క పని. నేను గీస్తాను, ఆమె చెక్కుతుంది.

మేం పనిచేసిన పాత ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరం కలిసి అగరొత్తుల కొట్టు మీద గది తీసుకున్నాం. కుళాయిల కంపెనీ త్సాయ్ సారు మాకు ఒకే ఒక్క అవకాశం ఇచ్చాడు. బుధవారం ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన అడిగిన మార్పు అప్పటికప్పుడు గీసి, చెక్కే దారి కూడా వేసి చూపించాలి. చూపిస్తే ఏడాది పొడుగునా అచ్చులన్నీ మావే. చూపించలేకపోతే ఆహుయక్క యాభై ఆరో ఏట కోడలి నూడుల్స్ కొట్టులో గిన్నెలు కడగాలి. ఆ మాట ఆమె నవ్వుతూనే చెప్పింది.

ఆదివారం ఇద్దరం బస్సెక్కి తైచుంగ్ వెళ్ళాం. కంప్యూటర్ల వీధిలో హుంగ్ అనే అతను మమ్మల్ని చూడగానే వెండి రంగులో మెరుస్తున్న లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు.

"చూడక్కా, ఒక్క వేలితో ఎత్తచ్చు."

"వేలితో ఎత్తి ఆడుకోడానికి కాదయ్యా. దీంట్లో డిస్కులు ఎన్ని పడతాయి?"

"ఒకటే. రెండు సిస్టములూ దాంట్లోనే సర్దుకుంటాయి. అందరూ అలాగే చేస్తారు."

"అంటే తోడికోడళ్ళిద్దరినీ ఒకే వంటింట్లో పెట్టమంటావు. విండోసమ్మ ఏడాదికోసారి అప్‌డేట్ అంటూ ఇల్లు సర్దుతానని లేచి రెండో ఆవిడ గిన్నెలన్నీ వీధిలో పారేస్తుంది. నాకు రెండు వంటిళ్ళు కావాలి. సరే, ఈ తాళం ముక్క ఎక్కడ గుచ్చను?"

హుంగ్ లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి మధ్యలో తగిలించే అతుకు వేరే కొనుక్కోవాలక్కా."

"ఇంకేం, రేపు అతుకు ఊడితే నిన్నొచ్చి పట్టుకోమంటాను." ఆహుయక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

కింది అరలో దుమ్ము కొట్టుకుపోయిన బూడిదరంగుది ఒకటి కనిపించింది. తీయమన్నాను. "అది బరువక్కా, ఎవరూ కొనరు" అన్నాడు. "పాపం, నిన్ను చూస్తే జాలేస్తోంది, నేను కొంటాలే" అన్నాను. అడుగు మూత విప్పమంటే మొదట గునిశాడు, తర్వాత విప్పాడు. లోపల డిస్కులకు రెండు చోట్లు ఉన్నాయి. పక్కన తాళం ముక్క నేరుగా పట్టే రంధ్రాలు మూడు.

అప్పుడు నా సంచిలోంచి లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ తీశాను. హుంగ్ ముఖం పాలిపోయింది. "అక్కా, కొనకముందే ఎవరైనా..." అంటున్నాడు. "చెప్పు కొనేముందు కాలు పెట్టి చూడవా?" అని గుచ్చేశాను. వైఫై పట్టింది. గ్రాఫిక్స్ కార్డును గుర్తుపట్టింది. రెండో తెర తగిలిస్తే వెలిగింది. మూత వేసి తీస్తే లేచి కూర్చుంది. గంటన్నర పరీక్షించాను. ఈలోగా ఆహుయక్క రెండుసార్లు టీ తెచ్చింది. చివరికి హుంగ్ తనే "ఇదే తీసుకో తల్లీ, నీకు దణ్ణం" అన్నాడు.

రెండు రోజులు దాంతోనే కుస్తీ పట్టాను. ఒక డిస్కు విండోస్‌కి, రెండోది లినక్స్‌కి. రెండూ వాడుకునేలా మధ్యలో ఒక ఉమ్మడి గది పెట్టాను. నేను గీసింది అందులో పడేస్తే ఆహుయక్క అటునుంచి తీసుకుంటుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి యాభైసార్లు మారి చూశాను, ఒక్కసారి కూడా తడబడలేదు. దీన్ని మించిన లాప్‌టాప్ ఈ దీవిలోనే లేదనుకున్నాను.

బుధవారం త్సాయ్ సారు దాన్ని చూసి "ఇదేంటమ్మా, ఇటుకరాయా?" అన్నాడు. "బరువు చూసి పని అడగకండి సారూ, పని చూసి బరువు అడగండి" అన్నాను. ఆయన నవ్వి, కుళాయి మెడ వంపును మూడు మిల్లీమీటర్లు తగ్గించమన్నాడు. పది నిమిషాల్లో గీసి, ఉమ్మడి గదిలో పడేసి, లాప్‌టాప్‌ను ఆహుయక్క వైపు జరిపాను. ఇక మాదే అనుకుంటూ ఆయనతో మాటల్లో పడ్డాను.

"బీయూన్" అంది ఆహుయక్క సన్నగా. "గది తెరుచుకోవట్లేదు."

చూశాను. లినక్స్ ఆ ఉమ్మడి గదిని ముట్టుకోనంటోంది. "ఏం చేశావక్కా?"

"ఏం చేయలేదే! ఆపాను. దీపం ఆరేదాకా ఆగాను. నీ తాళం ముక్క పీకి, లాప్‌టాప్ మళ్ళీ ఆన్ చేశాను."

అప్పుడర్థమైంది. విండోస్‌ను ఆపితే నిజంగా ఆగదు. మళ్ళీ తొందరగా లేవడం కోసం గదులన్నీ గుప్పిట్లో పెట్టుకుని కునుకు తీస్తుంది. అందుకే నేనెప్పుడూ ఆపను, రీస్టార్ట్ కొడతాను. యాభైసార్లూ అదే కొట్టాను. ఆ సంగతి ఆమెకు చెప్పాలని నాకు తోచనే లేదు.

"రీస్టార్ట్ కొట్టాలని తెలియదా? ఆపమని ఎవరు చెప్పారు నీకు?" గొంతు లేచింది. అందరి ముందూ అలా అరిచానే అని ఇప్పటికీ సిగ్గుపడతాను. మళ్ళీ విండోస్‌లోకి వెళ్ళి రీస్టార్ట్ కొట్టాను. మూడు నిమిషాల్లో గది తెరుచుకుంది. ఆహుయక్క దారి వేసింది. తెర మీద ఉలి ఎక్కడా గీత తప్పకుండా మెడ వంపు చుట్టూ తిరిగి వచ్చింది.

త్సాయ్ సారు తెర వైపు చూడట్లేదు. "ఎందుకాపావమ్మా?" అని ఆహుయక్కను అడిగాడు.

"మిషను ఆపకుండా దేన్నీ పీకను సారూ. ముప్ఫై ఏళ్ళ అలవాటు." రెండు చేతులూ చాపి చూపించింది. "పది వేళ్ళూ ఉన్నాయి."

ఆయన కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. నడిమి వేళ్ళు రెండూ సగానికే ఉన్నాయి. "ఇరవయ్యో ఏట ప్రెస్సు మిషను దగ్గర" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆమె చేసింది సరైన పని. ఆపమంటే ఆగినట్టు నటించే మిషను నా షెడ్డులోకి రాకూడదు. ఆమెను మార్చకు, దాన్ని మార్చు. అచ్చులు మీ ఇద్దరివే."

పని దొరికిందన్న సంతోషం కంటే ముందు నాకు ఏడుపొచ్చింది. ఆ లాప్‌టాప్‌లో డిస్కుల దగ్గర్నుంచి మరమేకుల దాకా అన్నీ విప్పి చూశాను కానీ, రోజూ నా పక్కన కూర్చుని పనిచేసే మనిషి చెయ్యి ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూడలేదు. అక్కడే సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ దొంగ కునుకును తీసేశాను.

తాళం ముక్కను మళ్ళీ గుచ్చి, "ఇప్పుడు ఆపక్కా" అన్నాను.

ఆమె నొక్కింది. తెర నల్లబడింది, దీపం ఆరింది. అయినా మరో పది లెక్కపెట్టాకే తాళం ముక్క పీకడానికి చెయ్యి చాపింది. ఆ పదీ నేనూ ఆమెతో పాటు మనసులో లెక్కపెట్టాను.